పాలపళ్ల బీరప్ప

బీరప్ప తల కోసేటప్పుడు పెద్ద డాక్టరు పక్కన దీపం పట్టుకున్నది ఈ కథ రాసేవాడే. సరే, అన్ని కోతలెందుకు, నేనప్పుడు వికారాబాదు స్టేషనులో మిరపకాయ బజ్జీలు తింటున్నాను. తల కోసింది మాత్రం నిజం.

యాలాల్ దగ్గరి గొర్లకాపరి బీరప్ప తలలోంచి హైదరాబాదు సర్కారు దవాఖానలో గడ్డ తీశారు. మూర్ఛ రాకుండా గోలీలిచ్చి, ఒక్క పూట మానినా మళ్లీ పడిపోతావని హెచ్చరించారు. ఒకసారి పొయ్యిలోనే పడినవాడు గనుక బీరప్ప ఆ సీసాను గొంగడి మడతలో పెట్టుకుని పడుకునేవాడు.

కొన్ని నెలలకు ఆ గోలీలే ఒక చిత్రం చేశాయి. చిగుళ్లు ఉబ్బి పళ్లను సగందాకా మింగేశాయి. పళ్లు చూసి పొట్టేలు వయసు చెప్పే కులపెద్ద దేవప్ప, బీరప్ప దవడ పట్టి నోరు తెరిపించాడు.

"ఓరి బామ్మర్దీ, పాలపళ్లున్నయి గదరా! నీ ఈడు ఎనుకకు మర్లింది."

"చిగుళ్లు వాసినయే బావా."

"నా ముందట ఏ గొర్రె అబద్ధమాడలే. నువ్వాడుతవా?"

సాయంత్రానికి ఊరంతా వచ్చి బీరప్ప నోరు చూసిపోయింది. అరవై దాటాక మూడో పెళ్లికి పిల్లను వెతుక్కుంటున్న రాజేందర్ పటేల్ మాత్రం చూసి ఊరుకోలేదు.

"సర్కారు మందు నీ ఒక్కనికేనారా?" అని సీసా పట్టుకుపోయాడు. పటేల్‌ను ఎదిరించే అలవాటు ఊళ్లో ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున బీరప్ప ఎడమచేతి వేళ్లు వాటంతటవే కొట్టుకున్నాయి. మూర్ఛ ఎప్పుడూ అక్కడే మొదలయ్యేది. అతను ఆ చేతిని భార్య రుక్కమ్మకు చూపించాడు. ఆమె అతన్ని బండెక్కించి, పటేల్ వెళ్లిన తాండూరు అంగడికి తోలింది.

తొందరగా పడుచువాడు కావాలని పటేల్ రాత్రే గుప్పెడు గోలీలు మింగాడు. కల్లు ముట్టనని గొప్పలు పోయే మనిషి అంగడి నడుమ తూలుతున్నాడు. ఒక పోలీసు జవానుకు రెండు సలాములు చేసి, "ఇద్దరూ మంచిగున్నరా?" అని అడిగాడు.

రుక్కమ్మ ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి సీసా లాగింది.

"గిది పడుసుదనం మందు కాదు పటేలా! చిగుళ్లుబ్బుడు గీ మందు చేసిన కీడు. బతకాలె గనుక నా మొగడు ఓర్సుకుంటున్నడు. నీకేమొచ్చింది?"

బీరప్ప నీళ్లు లేకుండానే గోలీ మింగాడు. వేళ్లు నిలిచేదాకా ఇద్దరూ ఉల్లిగడ్డ బస్తాల మధ్య కూర్చున్నారు.

తరువాత వికారాబాదు డాక్టరమ్మ అరుణాదేవి అతని నోరు చూసి, గోలీలు మానొద్దని, హైదరాబాదు వాళ్లను అడిగి మందు మార్పిస్తానని చెప్పింది. పక్క మంచంలో పటేల్, తనకు కనిపిస్తున్న ఇద్దరు డాక్టరమ్మల్లో ఎవరికి నాలుక చూపాలో తేల్చుకోలేకపోతున్నాడు. మందు మారేదాకా బీరప్ప నోరు మూసుకునే నవ్వాడు. కానీ మళ్లీ పడలేదు.

ఇందులో నేను కల్పించింది పోలీసు జవానును. ఆ రోజు అంగడిలో పోలీసులెవరూ లేరు. పటేల్ సలాములు చేసింది దేవప్ప అమ్మకానికి తెచ్చిన పొట్టేలుకు.