ఇంట్లో పుట్టిన ఆట

"గీజరు బాగుచేసే మనిషి ఎప్పుడొస్తానన్నాడు?" అని భర్త అడిగేటప్పటికి ఆమె అత్తగారికి వడ్డిస్తోంది. ఒక కన్ను పొయ్యి మీది పాల మీదుంది. ఒక చెవి వాషింగ్ మెషీన్ మోత ఆగిందా లేదా అని వింటోంది. జవాబు ఆలస్యమైంది. ఆయన చెంచాతో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు.

"ఒకటీ... రెండూ..."

"మూడూ... నాలుగూ..." కూతురు గొంతు కలిపింది.

"సాయంత్రం వస్తానన్నాడండీ" అందామె.

"వెలిగింది!" అని తండ్రీ కూతుళ్లు ఒక్కసారే అరిచి చప్పట్లు కొట్టారు. అత్తగారు పొలమారేదాకా నవ్వింది. ఆమె కూడా నవ్వి, వెళ్లి పొయ్యి ఆపింది. పాలు అప్పటికే పొంగాయి.

పెళ్లైన కొత్తలో ఆయన పెట్టిన పేరు ట్యూబ్‌లైట్. మొదట్లో ఇద్దరి మధ్యే ఉండేది. తర్వాత స్నేహితుల ముందుకొచ్చింది. "మా ఆవిడకి స్విచ్చి వేశాక కాస్త టైమివ్వాలండీ" అనేవాడు, పక్కనే ఆమె కాఫీ ట్రే పట్టుకుని నిలబడి ఉండగా. కూతురు పుట్టి అంకెలు నేర్చుకునే వయసొచ్చాక ఈ లెక్కపెట్టే ఆట కనిపెట్టాడు. పిల్లకి అంకెలు అలాగే వచ్చాయని అందరితో చెప్పుకుని మురిసిపోయేవాడు కూడా. మొదటిసారి ఆమె బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చింది. రెండోసారి అడిగేసింది. "సరదాగా అన్నదానికి అంత ఉక్రోషమా? నవ్వడం రాని మనిషితో ఎలా వేగాలో నాకర్థం కావట్లేదు" అన్నాడాయన. "మగాడన్నాక ఇంట్లో నాలుగు జోకులేస్తాడు, చెయ్యి చేసుకోవట్లేదు కదా" అంది అత్తగారు. ఆ తర్వాత ఆమె ఒక కిటుకు నేర్చుకుంది. అందరికంటే ముందు తనే నవ్వేస్తే తక్కువ తగులుతుంది.

ఆమె బుర్ర నిజంగా మందం కాదు. అందులో ఖాళీ లేదు, అంతే. అత్తగారి బీపీ మాత్రలు రేపటితో అయిపోతాయి, పిల్ల బూటు అడుగు ఊడింది, ఆడపడుచు పుట్టినరోజు, ఆయన నీలం చొక్కా గుండీ, పనిమనిషి రాని రోజు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆ ప్రశ్న ఈ రద్దీలోంచి తోసుకుంటూ ఆమె దాకా రావాలి, జవాబు మళ్లీ అదే రద్దీలోంచి తోసుకుంటూ బయటకి పోవాలి. ఆయన బుర్రలో అంత జాగా ఎలా ఉందో, ఆ సామానంతా ఎవరి నెత్తిన పెడితే ఆ జాగా మిగిలిందో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఆమె పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో మాత్రం ఆమెని నెమ్మది మనిషని ఎవరూ అనరు. చంటిపిల్లల చేతిలో నరం దొరక్కపోతే "అక్కని పిలవండి" అంటారు. అక్క వచ్చి, పిల్ల చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, తొందరపడకుండా ఒక్క పోటుతో పని ముగిస్తుంది.

ఆ రోజు ల్యాబులో ఉండగానే బడి నుంచి ఫోనొచ్చింది. వెంటనే రమ్మన్నారు. పిల్లకి జ్వరమొచ్చిందో, పడిందో అనుకుని ఆదరాబాదరాగా ఆటో ఎక్కింది. దారిలో భర్తకి ఫోన్ చేసి చెప్పింది.

హెడ్మాస్టరమ్మ గదిలో కూతురు లేదు. సైన్సు టీచరు ఒక పక్క నిలబడి ఉంది. కుర్చీలో ఖాకీ చొక్కా వేసుకున్న బస్సు కండక్టరు కూర్చుని ఉంది, డ్యూటీ మధ్యలోంచి వచ్చినట్టుంది.

"ఈవిడ కూతురూ మీ అమ్మాయీ ఒకే సెక్షను" అని మొదలుపెట్టింది హెడ్మాస్టరమ్మ. "చిన్న సమస్య వచ్చింది."

"చిన్నది కాదు మేడమ్" అంది కండక్టరు. తర్వాత ఆమె వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు. "మా పిల్లకి మాట తడబడుతుందండీ. మొదటి అక్షరం దగ్గర ఆగిపోతుంది. కాస్త ఆగితే వస్తుంది. టీచరు ప్రశ్న అడగ్గానే మీ అమ్మాయి బల్ల మీద పెన్నుతో కొడుతూ లెక్కపెట్టడం మొదలుపెడుతుందట. క్లాసంతా అందుకుంటుందట. మా పిల్ల ఎలాగో మాట పెగల్చుకుంటే, అందరూ 'వెలిగింది' అని చప్పట్లట. ఇప్పుడు మెట్ల మీదా అదే, మంచినీళ్ల దగ్గరా అదే. సోమవారం నుంచి మా పిల్ల బడికి రానంటోంది. అది కూడా కాగితం మీద రాసి చూపించింది. ఇంట్లో కూడా నోరు విప్పట్లేదండీ. నాతో కూడా మాట్లాడట్లేదు."

'వెలిగింది' అన్న మాట దగ్గరే అది తన ఇంటి ఆటేనని ఆమెకి తెలిసిపోయింది. మిగతాదంతా దూరంగా వినిపించింది. ఎప్పుడూ చూడని ఆ పిల్ల తన కళ్లకి స్పష్టంగా కనబడింది. మాట గొంతులో ఇరుక్కుని, చుట్టూ మోత పెరిగే కొద్దీ ఇంకా లోపలికి జారిపోతూ, చివరికి చప్పట్లు పడగానే పెదాల మీదికి ఒక నవ్వు తెచ్చుకుని. ఆ నవ్వు ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"టీచరు గారూ, మీరు ఆపలేదా?" అని అడిగింది.

సైన్సు టీచరు చీరకొంగు సర్దుకుంది. "మొదట్లో ఏదో ఆటనుకున్నానండీ. నాకూ ఒకసారి నవ్వొచ్చింది. ఆ పిల్ల కూడా నవ్వుతోంది కదా అనుకున్నాను."

అప్పుడే భర్త వచ్చాడు. ఆఫీసులో పదిమందిని చక్కబెట్టే మనిషి, కుర్చీ లాక్కుని కూర్చోగానే గది తనదైపోయింది. విషయం విని తేలిగ్గా నిట్టూర్చాడు. "ఇంతేనా! నేనింకా ఏం కొంప మునిగిందో అనుకున్నాను. పిల్లలన్నాక ఏడిపించుకుంటారండీ. మా రోజుల్లో ఎన్ని చూళ్లేదు? మీ అమ్మాయి కాస్త సున్నితం అనుకుంటాను" అన్నాడు కండక్టరుతో.

"అందుకే ఒక మార్గం ఆలోచించాను" అంది హెడ్మాస్టరమ్మ. "ఆ అమ్మాయిని బి సెక్షనుకి మార్చేద్దాం. అక్కడ కొత్త వాతావరణం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"మా పిల్ల ఏం తప్పు చేసిందని మారాలి మేడమ్?"

"తన మంచికేనమ్మా."

"చాలా బావుంది, అలాగే కానివ్వండి" అన్నాడు భర్త లేవబోతూ.

హెడ్మాస్టరమ్మ ఆమె వైపు చూసింది. "మీకూ సమ్మతమేనా? అసలు ఈ లెక్కపెట్టడం ఎక్కడ నేర్చుకుందో మీకేమైనా తెలుసా?"

ఆమె వెంటనే మాట్లాడలేదు. చెప్పాల్సింది పదహారేళ్ల కాపురం అడుగున ఉంది, పైకి రావాలి. భర్తకి ఆ నిశ్శబ్దం నచ్చలేదు. అలవాటైన నవ్వు నవ్వి, హెడ్మాస్టరమ్మ వైపు కన్నుగీటినట్టు చూసి, కుర్చీ చేతి మీద వేళ్లతో కొట్టాడు.

"ఒకటీ... రెండూ..."

మూడు అనబోయి ఆగిపోయాడు. సైన్సు టీచరు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కండక్టరు ఆయన వేళ్లనే చూస్తోంది. ఆయన ఆ చేతిని మెల్లగా ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఎక్కడ నేర్చుకుందని అడిగారు కదండీ" అందామె. "ఇదిగో, చూశారుగా. మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర రోజూ ఇదే. అక్కడ ఆ పిల్ల జాగాలో నేనుంటాను."

"ఏమిటా మాటలు? నలుగురిలో..." అన్నాడు భర్త, పళ్లు బిగించి.

"మీరు ఎప్పుడూ నలుగురిలోనే అంటారండీ. నేనూ నలుగురిలోనే చెబుతున్నాను." ఆమె హెడ్మాస్టరమ్మ వైపు తిరిగింది. "మేడమ్, ఆ పిల్ల ఎక్కడికీ మారదు. మారాల్సింది మా అమ్మాయి. ముందు అది క్లాసు ముందు నిలబడి, ఇది నేనే మొదలుపెట్టాను, ఇది ఆట కాదు అని చెప్పాలి. మిగతా పిల్లలతో టీచరు గారు మాట్లాడాలి, తను నవ్విన సంగతి కూడా కలిపి. ఆ పిల్లకి జవాబు చెప్పడానికి ఎంతసేపు కావాలో అంతసేపూ క్లాసు నోరు మూసుకుని కూర్చోవాలి. అలా కాకుండా ఆ పిల్లని మారిస్తే, నేనూ ఈవిడతో కలిసి పైఆఫీసుకి వెళ్తాను. ఏడిపించిన పిల్ల తల్లిగా సంతకం పెడతాను."

కండక్టరు కుర్చీలోంచి లేచింది. థాంక్స్ చెప్పలేదు. "మీకూ నవ్వొచ్చేదా అమ్మా, వాళ్లలా చేసినప్పుడు?" అని మాత్రం అడిగింది.

"ఏనాడూ రాలేదండీ" అందామె.

కూతుర్ని కూడా కార్లో ఎక్కించుకుని ఇంటికొచ్చారు. ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన విరుచుకుపడ్డాడు. ఏ తల్లైనా సొంత బిడ్డని బజారుకీడుస్తుందా అన్నాడు, తన పరువు గంగలో కలిపిందన్నాడు. కూతురు గది గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"నాన్న చేసేదే కదమ్మా నేనూ చేశాను! నువ్వు నవ్వుతావుగా! తప్పైతే నువ్వెందుకు నవ్వావు?"

ఆమె పిల్ల దగ్గరికి వెళ్లింది. "నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని నవ్వాను. ఆ పిల్లా అందుకే నవ్వింది. నీకు తెలియనివ్వకపోవడం నా పొరపాటు. ఇప్పుడు తెలిసింది కాబట్టి రేపు వెళ్లి చెప్పాలి. నేను పక్కనే ఉంటాను."

"నేను చెప్పను."

"చెబుతావు."

అత్తగారు సోఫాలోంచి నెమ్మదిగా లేచింది. కొడుకుని వెనకేసుకొస్తుందనుకున్నారు అందరూ. "మీ మామగారు నన్ను చెవిటిదానా అనేవాడు" అంది గోడవైపు చూస్తూ. "నా చెవులకేం రోగం? పిలిచిన ప్రతిసారీ పరిగెత్తుకు రాలేదని. పోయేదాకా అదే పిలుపు." అంతే. తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు కూతురు క్లాసు ముందు నిలబడింది. ఆమె తలుపు బయట నిలబడి విన్నది. పిల్ల మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఎవరూ లెక్కపెట్టలేదు. వెనక బెంచీలో ఎవడో పెన్ను తీయబోతే సైన్సు టీచరు ఒక్క చూపు చూసింది. చివరికి చెప్పాల్సింది చెప్పేసి, పుస్తకాల సంచీ తీసుకుని, తల్లి ముఖం చూడకుండా బి సెక్షనులోకి వెళ్లిపోయింది. కండక్టరు కూతురు ఆ మరుసటి వారం బడికొచ్చింది. ఒక రోజు ఆవర్తన పట్టిక గురించి అడిగితే, క్లాసంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే, ఆ పిల్ల తన టైము తను తీసుకుని జవాబు చెప్పిందట. తప్పు జవాబేనట. టీచరు ఫోన్ చేసి చెబుతూ నవ్వింది, ఈసారి నవ్వాల్సిన చోటే.

కూతురు మాత్రం తల్లితో మాట్లాడటం మానేసింది. కావాల్సినవి నాయనమ్మతో చెప్పిస్తోంది. మాడిన ముఖంతో తిని, కంచం తనే కడుక్కుని, గది తలుపు ధడేలుమని వేసుకుంటోంది.

"చూశావా నీ నిర్వాకం?" అన్నాడు భర్త ఆ ఆదివారం, మూసిన తలుపు వైపు చెయ్యి చూపిస్తూ. ఈ మధ్య ఆయన జోకులు వేయడం లేదు, కోపం మాత్రం పోలేదు. "అది జన్మలో నిన్ను క్షమించదు. తల్లివై ఉండి దానికేం నేర్పించావు?"

ఆమె ఉతికిన బట్టల కుప్ప ముందు కూర్చుని ఉంది. ఆయన చొక్కాలు వేరు చేసి, మడవకుండానే ఆయన వైపు జరిపింది.

"క్షమించకపోతే పోనీండి. రేపు ఏ ఇంట్లోనో దాన్ని చూసి పదిమందీ నవ్వితే, దానికి కోపం రావాలి. ఇన్నాళ్లూ నన్ను చూసి నవ్వడమే నేర్చుకుంది. కోపమూ నన్ను చూసే నేర్చుకోనివ్వండి" అంది.