కుట్టు గదిలో గోధుమ మొలకలు

రుక్కి కుట్టుమిషను చక్రం తిప్పుతూ నూనె చుక్కలు వదులుతోంది. గంగారం ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలకు కుట్టు నేర్పేది ఆమే. సన్నటి మనిషి. సూది పోట్లకు చూపుడువేలి కొస కాయలు కాసింది. ఈ ఏడు ఆ గదిలో సగం ఆమెది కాదు. సైన్సు బల్లలూ గాజు గొట్టాలూ వచ్చి కిటికీ వైపంతా ఆక్రమించాయి. ఇవాళ అధికారి తనిఖీకి వస్తున్నాడు. ప్రయోగం బాగుందంటే మిగతా సామానూ వస్తుంది, గది మొత్తం సైన్సుకు పోతుంది, రుక్కి ఇంటికి పోతుంది. బాగాలేదంటే ఇంకో ఏడాది ఆమెకు ఢోకా లేదు.

ప్రయోగం పెద్దదేం కాదు. సైన్సు సారు ఉపేందర్ జనగామ నుంచి వచ్చిన కుర్రాడు, ఉత్సాహం పాలు ఎక్కువ. రెండు ట్రేలలో గోధుమలు చల్లించి ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో పెట్టించాడు. రోజూ నీళ్లు పోయమన్నాడు. పిల్లలు పాటలు పాడుతూ మరీ పోశారు. సైన్సంటే ఇంత ప్రేమా అని మురిసిపోయాడు. శ్రావణంలో లంబాడీ పిల్లల చేత గోధుమలు మొలిపించడమంటే ఏమిటో పాపం ఆయనకెవరూ చెప్పలేదు. అది తీజ్ పండుగ. తండాలో పెళ్లికాని పిల్లలు బుట్టల్లో మొలకలు పెంచి చివరి రోజు వాగులో కలుపుతారు. ఈసారి తెలంగాణ బంద్‌తో బస్సులు లేక హాస్టలు పిల్లలెవరూ ఇళ్లకు పోలేకపోయారు.

ఆ చివరి రోజు ఇవాళే. రుక్కి తలెత్తేసరికి పిల్లలు రెండు ట్రేలూ నెత్తికెత్తుకుని గుమ్మం దాటుతున్నారు. ముందున్నది ఆమె కూతురు బుజ్జి.

“యాడీ, వాగుకాడికి పోయొస్తం,” అంది తల్లితో.

రుక్కి నోరు తెరవలేదు. తెరవకపోతే చాలు. ప్రయోగం వాగులో కలుస్తుంది, గది తనకు మిగులుతుంది, తప్పు పండుగ మీదికి పోతుంది. దాచడమెందుకు, ఆమెకు సంతోషమే కలిగింది. కానీ ఇన్నాళ్లూ బీరువాలో ఉన్న ట్రే మీద చూపు పడి ఊరుకోలేకపోయింది.

“గివి పసుపచ్చగ ఎందుకైనయే?”

బుజ్జి ఠక్కున ఆగింది. “ఎండ తగలలే గదా. ఆకు తన బువ్వ ఎండతోనే వండుకుంటది. ఎండ లేకుంటే పచ్చదనమే రాదు.”

ఆ ముఖంలో వెలుగు చూసి రుక్కికి కూతురంటే అసూయ పుట్టింది. తానూ ఆ వయసులో ఏటా మొలకలు పెంచింది. ఎందుకని అడగాలని తోచనేలేదు, తోచినా చెప్పేవాళ్లు లేరు.

“సగం పెరికి తీజ్‌కు ఇయ్యుండ్రి. సగం సారుకు ఉంచుండ్రి,” అంది.

దారిలో ప్రతి రాస్తారోకో దగ్గరా జై తెలంగాణ అని అరిచి గొంతు పోగొట్టుకుని అధికారి మధ్యాహ్నానికి చేరాడు. సగం బోసిపోయిన ట్రేలు చూసి ముఖం చిట్లించాడు. ఉపేందర్ మిగిలిన మొలకలను ట్రే అంతా సర్దబోయాడు. బుజ్జి మాత్రం దేవతకిచ్చిన సగం సంగతీ, మిగిలిన సగం సంగతీ చెప్పి, ఎదురు ప్రశ్న వేసింది.

“రాత్రి ఎండ ఉండదు గద సార్, మరి చెట్టు పస్తుంటదా?”

అధికారి నవ్వేశాడు. సామాను పంపిస్తానన్నాడు. గది ఖాళీ చేయమని వేరే చెప్పనక్కర్లేదు.

సాయంత్రం ఉపేందర్ వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. “రుక్కక్కా, కుట్టు గూడ ఉండాలెనని చెప్పి చూసిన. ఇనలే.”

“మీ తప్పేముంది సారూ. బుజ్జి అసొంటోళ్లకు గీ సదువు కావాలె. కాని పది తప్పిన పిల్లలు గీ మిషను మీదనే బతికిన్రు. ఇగ ఆళ్లకు ఎవలు నేర్పుతరు?”

ఉపేందర్ తలుపు వదిలి లోపలికొచ్చాడు. రుక్కి మిషను ముందు కూర్చుని కిటికీ వైపు చూసింది.

“వెలుగు పాఠానికి గది చీకటి చెయ్యాలె అన్నరు గదా. గుడ్డ తెండ్రి, తెర కుట్టి ఇస్త.”

నల్లగుడ్డకు అంచులు మిషను మీద కుట్టి కిటికీకి కట్టింది. కింది మడత మాత్రం చేత్తో, తండా కుట్టు వేస్తూ కూర్చుంది. కుట్టు తెర మూల దాకా రాకముందే, ఆమెను ఇంటికి తీసుకుపోను వచ్చిన తమ్ముడు మాన్‌సింగ్ బండి హారను మోగించాడు. మళ్లీ రోడ్లు మూస్తున్నారట. రుక్కి సంచి భుజాన వేసుకుంది. హాస్టల్లో ఉండిపోతున్న బుజ్జి తల నిమిరి, వెనక్కి చూడకుండా బండెక్కింది.

నల్ల తెర మడతలో సూది గుచ్చే ఉంది, దాని బెజ్జంలో మూరెడు ఎర్ర దారం.