కిందపడిన పుస్తకం

ఆ రోజు ఇంట్లో ఉన్నది కిటికీ పక్కన తాతయ్య గాల్సెరాన్, పొయ్యి దగ్గర పెద్దమ్మ అల్దోన్సా, ఇంకా నడక రాని ఆమె కొడుకు, శనగలు ఏరుతున్న మనవరాలు వియొలాంత్. తలుపు తట్టి లోపలికి వచ్చినవాడు మఠం నుంచి ఫాదర్ గెరావ్.

మతం మారండి, లేదా దేశం వదలండి అని రాజాజ్ఞ వచ్చాక, జిరోనా పట్టణంలో ఇప్పుడు యూదులమని చెప్పుకునేవాళ్ళు లేరు. వెళ్ళినవాళ్ళు ఓడలెక్కారు, ఈ ఇంటివాళ్ళలా ఉండిపోయినవాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. ఇంకా హీబ్రూ చదువుతున్నారని తెలిస్తే ఇంటిల్లిపాదినీ చర్చి విచారణకు పట్టుకుపోతారు. అయినా తాతయ్య పళ్ళెంలో పిండి పరిచి, వియొలాంత్ చేత ఆ అక్షరాలు దిద్దిస్తూనే ఉన్నాడు. నేర్చుకోకపోతే ఆ పుస్తకాలు మూగవైపోతాయని ఆయన భయం.

ఫాదర్ బల్లమీద మూట విప్పాడు. ఖాళీ అయిన ఇళ్ళలో దొరికిన హీబ్రూ చేతిరాత పుస్తకాలు.

"ఏం గాల్సెరాన్, కళ్ళు చెమ్మగిల్లాయే?"

"పొయ్యి పొగ, ఫాదర్."

"వీటిలో వైద్యం ఏదో, నక్షత్రాల గణితం ఏదో చెప్పు, దాచిపెడతా. చెప్పలేదో, అన్నీ అట్టలు కట్టేవాడికే. తోలు కాగితం గట్టిది. ముక్కలు కోసి కొత్త పుస్తకాల వీపులకు అతికిస్తాడు."

"ఒకప్పుడు ముట్టని పందిమాంసం రుచి తెలిశాక అవన్నీ ఎవరికి గుర్తుంటాయి ఫాదర్!" అని పెద్దమ్మ నవ్వింది. గరిటె తిప్పుతూనే ఉంది.

అన్నిటికన్నా పైనున్నది జ్వరాల గ్రంథం. తాతయ్య దాన్నే చూస్తూ, "నాకేమీ తెలీదు," అన్నాడు.

ఫాదర్ మళ్ళీ మూట కడుతుంటే చిన్న ప్రార్థనల పుస్తకం ఒకటి జారి నేలమీద పడింది. వియొలాంత్ గబుక్కున వంగి తీసింది, దుమ్ము తుడిచి ముద్దు పెట్టుకుంది. దేవుడి పుస్తకం కిందపడితే ఆ ఇంట్లో అందరూ చేసే పనే. చేశాకగానీ ఏం చేసిందో ఆమెకు తెలియలేదు.

"ఎంత భక్తో!" అన్నాడు ఫాదర్ మెత్తగా. "ఇది ప్రార్థనల పుస్తకమని పోల్చుకోవడం ఎవరు నేర్పారమ్మా? తాతయ్యా?"

వియొలాంత్ పుస్తకాన్ని బల్లమీద పెట్టేసింది.

పెద్దమ్మ గరిటె కింద పెట్టింది. "తాతయ్యేంటి ఫాదర్! ఇది మా పిల్ల కాదు. ఎక్కణ్ణించో పనికి వచ్చింది. ఇలాంటిదని మాకేం తెలుసు?"

"పెద్దమ్మా!"

"ఎవరే నీకు పెద్దమ్మ?"

తాతయ్య లేవబోయాడు. పెద్దమ్మ పసివాణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో కుదేసింది. వాణ్ణి చూసి ఆయన మళ్ళీ కూలబడ్డాడు.

ఫాదర్ మూట భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. "రామ్మా. చదవగలిగేవాళ్ళ కోసమే తిరుగుతున్నాను."

పెద్దమ్మ ఆమెను గడప దాటించి, ముఖం చూడకుండా తలుపు వేసేసింది.