ఎలియెట్ రాసిన ఆరు పోలికలు

ఫ్రెంచి వ్యాకరణంలో పోలికల పాఠమంత సులువైనది ఇంకోటి లేదని పంతులమ్మ మదాం కోలా నమ్మకం. ఎక్కువకి 'ప్లు', తక్కువకి 'మువాఁ', సమానమైతే 'ఓసి'. 'మంచి' ఒక్కదాన్నే 'ప్లు'తో కలపకూడదు, దానికి వేరే మాట ఉంది. ఏటా సగం తరగతి అక్కడే బోల్తా పడుతుంది కాబట్టి, ఆవిడ ఎర్రకలం పట్టుకుందంటే ఆ ఒక్క తప్పు కోసమే గాలిస్తుంది. శుక్రవారం పిల్లలకి చెప్పింది: "మీ ఇంట్లోవాళ్ళ మీద ఆరు వాక్యాలు రాయండి. ఎవరెలా ఉంటారో, ఎవరు ఏ పని ఎలా చేస్తారో. కల్పించకండర్రా, చూసిందే రాయండి."

పదేళ్ళ ఎలియెట్ చూసిందే రాసింది. రాసేటప్పుడు భయమే వేయలేదు పిచ్చిపిల్లకి. వాక్యం కుదిరిందా లేదా అన్నదే ధ్యాస. శనివారం బడి వదిలే వేళకి నోటుబుక్కు చేతికొచ్చింది. పదికి పది. పక్కన 'ఒక్క తప్పూ లేదు, భేష్' అని ఎర్రసిరాతో రాసి ఉంది. తను ఏం రాసిందో అప్పుడు చదువుకుంది.

నాన్న గుప్పిలి మా తలుపు గడియ కంటే గట్టిది. అమ్మ మా పిల్లి కంటే మెల్లగా ఏడుస్తుంది. తమ్ముడు నాకంటే చిన్నవాడు కానీ నాకంటే త్వరగా దాక్కుంటాడు. అమ్మ ఆదివారాల్లో మామూలు రోజుల కంటే నెమ్మదిగా నడుస్తుంది.

ఇంకా రెండున్నాయి. అవి చదివే ధైర్యం చాలలేదు.

ఒక్క తప్పూ లేదట! ఇల్లు తగలబడుతుంటే గోడ మీది రాతలో అక్షరదోషాలు వెతికినట్టుంది ఆ పంతులమ్మ వ్యవహారం. ఎలియెట్‌కి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. శనివారం నోటుబుక్కు ఇంటికి పోవాలి, సోమవారం తండ్రి సంతకంతో తిరిగి రావాలి. తల్లి సంతకం ఆ బళ్ళో చెల్లదు. పేజీ చింపేద్దామంటే, ప్రతి పేజీకీ మదాం కోలా తన చేత్తోనే అంకె వేసి పెట్టింది.

వాళ్ళ నాన్న ఆల్సీద్ ఊరి కోతమిల్లులో దుంగలు కోస్తాడు. శనివారం మిల్లు నాలుగింటికే ఆగుతుంది. ఇంటికొచ్చి సూప్ తాగి, నోటుబుక్కు మీద సంతకం గీకి, ఒర్తాన్స్ కెఫేకి పోతాడు. అక్కణ్ణుంచి తిరిగొచ్చాక ఏం జరుగుతుందో ఆ ఇంట్లోవాళ్ళకే ఎరుక.

వంటింట్లో తల్లి ఒడెట్ బంగాళదుంపలు చెక్కు తీస్తోంది. కూతురి మొహం చూడగానే కత్తి పక్కన పెట్టింది.

"ఏమైందే? నెత్తురుచుక్క లేదు మొహంలో."

ఎలియెట్ పేజీ తెరిచి చూపించింది. ఒడెట్ చదివింది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

"ఇది ఎవరైనా చదివారా?"

"మదాం చదివింది."

"చదివి ఏమంది?"

"భేష్ అంది."

వాకిట్లో చెక్కబూట్ల చప్పుడైంది. "ఆయన మార్కు ఒక్కటే చూస్తాడు, కిందికి చూడడు. నువ్వు నోరెత్తకు," అని ఒడెట్ గుసగుసలాడింది. ఆ మాట కూతురికి చెప్పిందో తనకి చెప్పుకుందో!

ఆల్సీద్ సూప్ తాగాడు. మూతి తుడుచుకుని చెయ్యి చాపాడు. "ఏదీ, పుస్తకం ఇలా తే."

ఎలియెట్ పేజీ తెరిచి ఇచ్చింది. ఆల్సీద్ వేలు పేజీ మీద పైనించి జారుతూ వచ్చి ఎర్ర అంకె దగ్గర ఆగింది.

"పదికి పదే! ఒడెట్, చూశావా? మా వంశంలో ఒక్కడికైనా వచ్చిందా ఇలా?" సంతకం గీకాడు. పుస్తకం మూశాడు. తల్లీకూతుళ్ళు ఊపిరి పీల్చుకునేలోపే లేచి నిలబడ్డాడు. "పద పిల్లా, కోటు తొడుక్కో. ఆ గుమాస్తా ఫిర్మాఁ గాడి కూతురికి ఏడు దాటి రాలేదట. ఇవాళ కెఫేలో నువ్వు గట్టిగా చదవాలి, వాడి మొహం మాడాలి."

"చలిగా ఉంది కదా, ఇంకోరోజు..." అంది ఒడెట్.

"నిన్నడిగానా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ దారంతా ఎలియెట్‌కి అర్థమైంది. వాగులో పారేద్దామంటే పుస్తకం నాన్న చంకలో ఉంది.

కెఫేలో పదిమంది దాకా ఉన్నారు. ఆల్సీద్ కూతుర్ని కుర్చీ ఎక్కించి, భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "వినండ్రా! మా అమ్మాయి చదువుతుంది."

ఎలియెట్ పేజీ తెరిచింది. ఉన్నది చదవలేదు. "నాన్న... నాన్న మిల్లులో అందరికంటే బలమైనవాడు."

ఈలలు పడ్డాయి.

"అమ్మ... మదాం ఒర్తాన్స్ కంటే బాగా సూప్ కాస్తుంది."

"ఒప్పుకుంటాన్లే!" అని కౌంటరు వెనకనించి ఒర్తాన్స్ నవ్వింది.

"తమ్ముడు నాకంటే ఎక్కువ అల్లరి చేస్తాడు."

చప్పట్లు కొట్టారు. అమ్మయ్య అనుకుని కుర్చీ దిగబోతుంటే ఫిర్మాఁ అడ్డు తగిలాడు. "ఆగమ్మా. మా పిల్ల ఆరు రాసింది. నీవి మూడేనా?"

"ఆరుంటాయిరా! చదువు పిల్లా," అన్నాడు ఆల్సీద్.

ఎలియెట్ వెతుక్కుంది. అబద్ధం ఒక్కటీ తోచలేదు. కళ్ళు పేజీ మీదే ఉన్నాయి, నోరు తన మాట వినకుండా చదివేసింది.

"అమ్మ ఆదివారాల్లో మామూలు రోజుల కంటే నెమ్మదిగా నడుస్తుంది."

"చర్చికి పోవాలంటే ఎవరికైనా కాళ్ళు బరువే!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఒర్తాన్స్ మాత్రం నవ్వలేదు. గ్లాసు తుడుస్తున్న చెయ్యి ఆపింది.

"ఎందుకమ్మా అలా నడుస్తుంది?"

భుజం మీది చెయ్యి బిగిసింది. వేళ్ళు ఎముకలోకి దిగుతున్నాయి. ఎలియెట్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

"శనివారం నాన్న ఇక్కణ్ణుంచే ఇంటికొస్తాడు కదండీ."

ఆల్సీద్ పుస్తకం లాక్కోబోయాడు. ఒర్తాన్స్ అంతకంటే ముందే లాక్కుంది. ఆరు వాక్యాలూ చదివి పుస్తకం ఫిర్మాఁ చేతిలో పెట్టింది.

"కూర్చో ఆల్సీద్."

"నా ఇంటి సంగతి నీకెందుకే?"

"కూర్చోమన్నాను."

ఫిర్మాఁ చదివి, తల వంచుకుని, కుర్చీ ఈడ్చుకెళ్ళి తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. వాడి పక్కన ఇంకో ఇద్దరు చేరారు. తెలియక ఊరుకున్నారా వీళ్ళు ఇన్నాళ్ళూ? ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద ఒడెట్‌కి దారిచ్చి పక్కకి తప్పుకున్నవాళ్ళే కదా! పదేళ్ళ పిల్ల పైకి చదివితే గాని సిగ్గు రాలేదు దద్దమ్మలకి.

ఒర్తాన్స్ పిల్లని వెనక గుమ్మంలోంచి ఇంటికి తీసుకొచ్చింది. ఒడెట్ తలుపు ఓరగా తీసి, వాళ్ళిద్దర్నీ కాదు, వాళ్ళ వెనక చీకట్లోకి చూసింది.

"ఆయనేరీ?"

"రాడు. ఫిర్మాఁ వాళ్ళు కూర్చోబెట్టారు."

"రేపైనా వస్తాడుగా ఒర్తాన్స్."

"రానీ. నువ్విక్కడుంటేగా! మా మేడ మీద గది ఖాళీగా ఉంది. పిల్లాణ్ణి లేపు."

ఒడెట్ కూతురి వైపు తిరిగింది. "ఏం చేశావే నువ్వు?"

"ఇంకో అబద్ధం దొరకలేదమ్మా," అని ఎలియెట్ బావురుమంది.

ఒడెట్ కూతురి కళ్ళు తుడిచింది.

"నా దగ్గరా అయిపోయాయి తల్లీ," అంది. అని, పిల్లాడి కోటు తీసుకురావడానికి లోపలికి వెళ్ళింది.