లోపలివైపు కిటికీలు

మా ఆయనతో కాపురం కష్టమేమీ కాదు, ఆయన గీసిన ఇంట్లో ఉండాల్సిన అవసరం రానంత వరకు. ఆయన ఆర్కిటెక్టు. మా వంటింట్లో పంపు కారుతుంటే వాషరు మార్చడానికి తీరిక దొరకదు కానీ, వాననీటిని ఒడిసిపట్టడం గురించి ఎక్కడ సభ జరిగినా వెళ్ళి మాట్లాడి వస్తారు. ఆ సభల్లో ఇచ్చిన జ్ఞాపికలు బరువైనవి. గాలికి తలుపులు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి బాగా పనికొస్తాయి.

ఆయన చేసిన పనులన్నింటిలోకీ పెద్దది, పెద్దవాళ్ళ కోసం కట్టిన వసతి గృహం. అక్కడి మట్టినే ఇటుకలుగా అదిమి మందపాటి గోడలు లేపారు. ఇనుము లేదు, దూలాలు లేవు, కప్పు బరువంతా గోడలే మోస్తాయి. ఎండాకాలంలో కూడా ఫ్యాను అక్కర్లేదు. బయటి గోడలకు కిటికీలు పెట్టలేదు. గదులన్నీ మధ్యలో ఉన్న ముంగిలి చుట్టూ చేరి, తలుపులూ కిటికీలూ లోపలికే తెరుచుకుంటాయి. ప్రతి తలుపు ముందూ ఒక అరుగు. రావడానికీ పోవడానికీ ఒకటే గేటు.

"ముసలితనంలో మనిషిని చంపేది జబ్బు కాదోయ్, ఒంటరితనం. ఇక్కడ తలుపు తీస్తే మనిషి కనిపించాలి. గేటు దాకా వెళ్ళేలోపు నలుగురు పలకరించాలి" అనేవారు.

ప్లాను భోజనాల బల్ల మీద పరిచి ఉన్న రోజుల్లోనే, కంచాలు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ నేను అడిగాను. "రోడ్డు వైపు ఒక్క కిటికీ కూడా లేదేమండీ?"

"ఎండ, దుమ్ము, రొద. అయినా రోడ్డులో ఏముంది చూడటానికి?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నాలుగోది చూపిస్తే, అది తోక అంటాడు.

మా అత్తగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనకే కూర్చున్నారు. రిటైరయ్యాక మా మూడో అంతస్తు బాల్కనీనే కౌంటరు చేసుకున్నారు. కింద ఎవరైనా సంచీ పట్టుకుని దిక్కులు చూస్తే చాలు, "ఏం బాబూ, ఆ బస్సు ఇక్కడ ఆగదు! మలుపు తిరిగితే ఆగుతుంది, పరిగెత్తు!" అని పైనుంచి ఒక కేక. అడగనివాళ్ళకు కూడా చెప్పేవారు. కొందరు భయపడి పరిగెత్తేవారు కూడా.

తర్వాత ఒకరోజు అత్తగారు పడితే తుంటి విరిగింది. మా బిల్డింగుకు లిఫ్టు లేదు. కింది వాటా ఏదైనా అద్దెకు చూద్దామంటే, ఆవిడను మంచం మీంచి లేపడానికి ఇద్దరు కావాలి. మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఒక్క నడుమే. కొడుకు కట్టిన ఇంట్లో అయితే గడపలు లేవు, మెట్లు లేవు, చూసుకోవడానికి ఆయాలు ఉన్నారు. "నా కొడుకు కట్టిన ఇల్లు" అని ఆసుపత్రిలో నర్సులందరికీ చెప్పి మరీ వెళ్ళారు.

మొదట్లో బాగానే ఉంది. ఎదురు గదిలో డ్రిల్లు మేస్టారు. టీ వచ్చిందంటే విజిల్ వేసేవారు. ముంగిలంతా అరుగుల మీదికి వచ్చేది. మా ఆయన అది చూసి పొంగిపోయి, ఇంటికొచ్చాక రెండోసారి అన్నం అడిగేవారు.

ఒక పొద్దున్న విజిల్ మోగలేదు. మేస్టారు నిద్రలోనే పోయారు. వెనకదారి లేదు కాబట్టి, స్ట్రెచరు ముంగిలి చుట్టూ తిరిగి, ప్రతి కిటికీ ముందునుంచీ గేటు దాకా వెళ్ళింది. నలుగురూ పలకరించుకోవాలని పెట్టిన దారి అది. తర్వాత మూల గది ఆవిడ. ఆ తర్వాత పక్కపక్క గదుల్లో ఉండే అక్కాచెల్లెళ్ళలో అక్క. ఒకరు వెళ్ళినప్పుడల్లా ఒక తలుపుకు తాళం, ఒక ఖాళీ అరుగు. మిగిలినవాళ్ళు కర్టెన్లు వేసుకోవడం మొదలుపెట్టారు. వెలుతురు వచ్చేది ఆ కిటికీల్లోంచే కాబట్టి గదులన్నీ పట్టపగలే చీకటి. కంచాలు గదుల్లోకే పోతున్నాయి. ఖాళీ గదులు చూడటానికి వచ్చినవాళ్ళు ఆ కర్టెన్లు చూసి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోతున్నారు.

ఉతికిన చీరలు తీసుకుని వెళ్ళినప్పుడు అత్తగారు చీకట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"కర్టెన్ తియ్యనా అత్తయ్యా?"

"వద్దమ్మాయ్. తీస్తే మేస్టారి తాళం కనిపిస్తుంది." చీరలు ఒళ్ళోకి తీసుకుని అన్నారు. "బస్టాండులో కూడా పోయేవాళ్ళనే చూశాననుకో. కానీ అక్కడ వచ్చేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు."

గోడ అవతల ఏదో బస్సు ఆగిన చప్పుడైంది. ఆవిడ తల అటు తిప్పారు, గోడ వైపు.

"ఎక్కడికెళ్ళేదో తెలిసి చావదు. గేటు దాకా వెళ్ళి చూడాలంటే ఈ తాళాలన్నీ దాటుకుంటూ పోవాలి. వాణ్ణి అడుగమ్మాయ్, రోడ్డు వైపు చిన్న కిటికీ. నా మొహం పట్టేంత చాలు."

ఇంటికొచ్చి చెప్పాను. "అమ్మకు అలవాటైపోతుందిలే" అన్నారు మా ఆయన. ఇంతలో అత్తగారు అన్నం సగం వదిలేస్తున్నారని ఆయా ఫోన్ చేసింది. ఆయన పాత ప్లాను తీసి మళ్ళీ బల్ల మీద పరిచారు. ఈసారి నేనే కంచాలు నేల మీద పెట్టాను.

"కుదరదు" అన్నారు చివరికి, పెన్సిల్ పక్కన పెట్టి. "లోపలి కిటికీల మీద కమాన్లు కట్టాం, ఇటువైపు కప్పంతా ఒట్టి గోడ మీదే నిలబడింది. చెయ్యి పట్టేంత కన్నం చేసినా దిగుతుంది. పైన ఒక దూలం ఉంటే కుదిరేది."

"మరెందుకు పెట్టలేదూ?"

ఆయన ప్లాను చుట్టడం మొదలుపెట్టారు. దూలం వద్దని మేస్త్రీతో పోట్లాడింది ఈయనే. ఆ పోట్లాట గురించి సభల్లో చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

మర్నాడు మా పడకగదిలోని నిలువుటద్దం విప్పి ఆటోలో ఎక్కించారు. నేను ఇప్పటికీ పాపిడి అంచనా మీదే తీసుకుంటున్నాను. ఆ అద్దాన్ని అత్తగారి కిటికీ పక్కన ఏటవాలుగా నిలబెట్టి, గేటు సందులోంచి రోడ్డు కనిపించేలా అటూ ఇటూ జరిపారు.

"చూడమ్మా, రోడ్డు!"

అత్తగారు మెడ సాచి చూశారు. కొడుకు కష్టపడ్డాడని ఇంకాస్త సాచారు.

"ఇందులోనూ తాళమే కనిపిస్తోందిరా" అన్నారు. "కాకపోతే తిరగబడి."

నాకు నవ్వొచ్చింది. అదే ఊపులో ఏడుపు కూడా వచ్చింది కాబట్టి, చీరలు మడతపెట్టే నెపంతో అటు తిరిగాను.

"నీకు కూర్చోవడం తెలియదమ్మా, ఉండు" అన్నారాయన. ఆయా సాయంతో ఆవిడను మంచం మీదికి మార్చి, తనే ఆ కుర్చీలో కూర్చున్నారు. అద్దం జరిపారు. మళ్ళీ జరిపారు. ఇక జరపడం మానేశారు. ఆ ఇల్లు కట్టిన మనిషి ఆ ఇంట్లో కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

బయట బస్సు ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎవరినో పిలిచారు. బస్సు వెళ్ళిపోయింది.

"ఏ బస్సురా?" అన్నారు అత్తగారు కళ్ళు మూసుకునే.

"తెలియదమ్మా."

"ఏం కనిపిస్తోంది మరి?"

ఆయన కిటికీలోంచి చూశారు, అద్దంలోకి చూశారు, వెనక్కి తిరిగి గోడను చూశారు.

"ఏమీ లేదు" అన్నారు. "రోడ్డులో చూడటానికేముంది అన్నానమ్మా నేను. నీ కోడలు అప్పుడే అడిగింది, చెప్పింది, నేనే వినలేదు. తప్పు నాదేనమ్మా. ఇల్లే తప్పు కట్టాను."