కీ ఇచ్చే చెయ్యి

పాలు సన్నని మంట మీద పెట్టి, తడి చెయ్యి తుడుచుకుని, అవి పొంగేలోపు పదకొండు వాచీలకు కీ ఇచ్చేస్తాను. పదమూడేళ్ల అలవాటు. పక్కనున్న చిన్న బుడిపెను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పుతుంటే ఒకచోట లోపలి స్ప్రింగు ఇక చాలన్నట్టు బిగుసుకుంటుంది. అక్కడ ఆగాలి. ఇంకొక్క చుట్టు బలవంతంగా తిప్పామో, అంతే సంగతులు. ఎక్కడ ఆగాలో నా వేళ్లకు తెలుసు. బొటనవేలు కాయ కాసిపోయింది కూడా.

వాచీలు మా ఆయనవి. అన్నీ తాతల కాలం నుంచి చేతివాచీలు చేస్తున్న ఒకే కంపెనీవి. గీతలు పడతాయని ఆదివారం తప్ప బయటికి తియ్యరు. ఆ రోజు తనలాగే వాచీలు పోగుచేసే స్నేహితులు వస్తే, పెట్టె తెరిచి, "బ్యాటరీ వాచీ ఎవడి దగ్గరైనా తిరుగుతుంది. దీనికి మాత్రం యజమాని చెయ్యి రోజూ తగలాలి. అదొక బంధం" అంటారు. నేను టీ కప్పులు సర్దుతూ వింటాను. ఆయన నా మొహంలోకి చూడరు. చూస్తే మాత్రం తల దించుకునేది నేనే, దొంగతనం నేనే చేసినట్టు.

ఆరు నెలల క్రితం ఆ కంపెనీ స్మార్ట్‌వాచీ తెచ్చింది. ఆ ఆదివారం మా ముందుగదిలో అందరూ చావుకబురు విన్నట్టే కూర్చున్నారు. "వీళ్లకేం పోయేకాలం" అన్నాడు ఆ స్నేహితుల్లో ఒకడైన పళ్ల డాక్టరు. "మనవడికి ఇచ్చి పోయే వాచీలు చేసిన చేతుల్తో, రెండేళ్లకు చెత్తబుట్టలో పడేది చేస్తారా?" మా ఆయన, "పులి గడ్డి మేసిందంటే నమ్ముతామా?" అని గంటకు పదిసార్లు అన్నారు. యాభై ఏళ్లు వాచీలు బాగుచేసిన రిపేరు తాతగారు ఒక్కరే, "రానివ్వండి బాబూ, చూద్దాం. గోడగడియారం పోయి చేతివాచీ వచ్చినప్పుడూ ఇలాగే ఏడ్చారు" అన్నారు.

పాత ఖాతాదారని కంపెనీవాళ్లు మా ఆయనకొకటి ఊరికే పంపారు. ఆయన చేతికి పెట్టుకోలేదు. అందరి ముందూ నా వైపు తోసి, "నువ్వు పెట్టుకో. వంటింటికి ఇది చాలు" అన్నారు. అందరూ నవ్వారు. నేను పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అది అడుగులు లెక్కపెట్టేది. మొదటిరోజు సాయంత్రానికి పద్నాలుగు వేల చిల్లర చూపించింది. ఆ రోజు నేను వీధి గుమ్మం దాటలేదు. మేడమీద మంచం పట్టిన అత్తగారు, కింద వంటిల్లు, వెనక బట్టల తీగ, మధ్యలో పదిహేడు మెట్లు. "ఇంట్లో కూర్చునేదానికి కాళ్లనొప్పులేమిటే?" అని అత్తగారు అన్నప్పుడల్లా నిజమేనేమో, నాదే ఒళ్లొంగని తనమేమో అనుకునేదాన్ని. గిన్నెలు కడుగుతూ ఆ అంకెను మళ్లీమళ్లీ చూసుకున్నాను. నా మీద నాకే జాలేసింది.

ఆ అంకె మా ఆయన కంటా పడింది. "ఇంట్లోంచి కదలవు, పద్నాలుగు వేలేమిటి?" అన్నారు. నెలరోజుల అంకెలు కాగితం మీద ఎక్కించుకుని పోయిన ఆదివారం అందరికీ చదివి వినిపించారు. "ఇదీ దీని గొప్ప. పొద్దస్తమానం ఇంట్లో ఉండే మనిషికి రోజుకు పద్నాలుగు వేల అడుగులట." పళ్ల డాక్టరు పొట్ట పట్టుకుని, "గరిటె తిప్పినా అడుగే కాబోలు" అన్నాడు. తప్పుడు లెక్కల వాచీ అని కంపెనీకి ఉత్తరం రాద్దామనుకున్నారు.

తాతగారు నవ్వలేదు. నా వైపు తిరిగి, "పెట్టుకున్నదానివి నువ్వు కదమ్మా, నువ్వు చెప్పు. అన్ని అడుగులు నడిచావా?" అన్నారు.

టీలో చక్కెర సరిపోయిందా అన్న మాట తప్ప ఆ గదిలో నాకింకో మాటతో పని పడింది అదే మొదలు. చేతిలో పళ్లెం. అందరి కళ్లూ నా మీదే. మా ఆయన కాగితం పట్టుకుని చూస్తున్నారు. "లేదండీ, అదే ఏదో తప్పు చూపిస్తోంది" అన్నాను. అని ఊరుకున్నానా, నవ్వాను కూడా.

వాళ్లు నవ్వితే భరించడం నాకు కొత్త కాదు. ఇది నా నోటితో నేనన్న మాట. ఇన్నేళ్లకు ఒక్క సాక్షి దొరికితే, దాన్ని అబద్ధాలకోరును చేసింది నేనే. వారమంతా ఆ నవ్వు గుర్తొచ్చి, ఒక్కదాన్నే ఉన్నా మొహం దాచుకోవాలనిపించింది. మెట్లెక్కుతూ పైకే లెక్కపెట్టాను. పదిహేడు. దిగుతూ మళ్లీ పదిహేడు. పైనుంచి అత్తగారు, "ఏమిటే ఆ గొణుగుడు?" అని అడిగారు.

శుక్రవారం పొద్దున పాలు పెట్టి, పెట్టె తెరిచి, ఏ వాచీనీ ముట్టకుండా మూసేశాను. శనివారం అసలు తెరవలేదు.

ఈ ఆదివారం మా ఆయన బంధం గురించి చెబుతూనే మూత తీశారు. పదకొండూ ఆగిపోయి ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కో గంట దగ్గర. "అదేంటి, మీ చెయ్యి తగల్లేదా?" అన్నాడు పళ్ల డాక్టరు. మా ఆయన గిరుక్కున నా వైపు తిరిగారు.

"కీ ఇవ్వడం మర్చిపోయావా?"

అనేశాక గాని ఏమన్నారో ఆయనకు తెలియలేదు. పళ్ల డాక్టరు కప్పు కింద పెట్టాడు.

"మర్చిపోలేదండీ" అన్నాను. నా చెవులు కాలిపోతున్నాయి. పళ్లెం బల్ల మీద పెట్టి తాతగారి వైపు తిరిగాను.

"పోయిన వారం మీకు అబద్ధం చెప్పాను తాతగారూ. ఆ అడుగులన్నీ నేను నడిచినవే."