పదకొండు అంటే మళ్ళీ అడగమని

నేను ఒక ఎర్రర్ నంబరును. కంప్యూటర్ మెమరీలో ఒక ఇరుకు గది నాది. ప్రోగ్రాములు తమ పనులు లైబ్రరీలోని ఫంక్షన్లకు, అంటే ముందే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములకు, అప్పజెబుతాయి. ఆ పని కాకపోతే ఫంక్షన్లు కారణాన్ని ఒక అంకెగా నాలో పడేసి తమ దారిన పోతాయి. పుట్టినప్పుడు నేను సున్నాను. ఆ తర్వాత ఏ ఫంక్షనూ నన్ను మళ్ళీ సున్నా చేయదు. తర్వాతి పనులు ఎంత సవ్యంగా జరిగినా పాత తప్పు నాలో అలాగే ఉండిపోతుంది.

ఇదంతా నన్ను తయారుచేసినవాళ్ళు మాన్యువల్‌లో శుభ్రంగా రాసిపెట్టారు. ఇంకో మాట కూడా రాశారు. అంకెలు ఒక్కో రకం కంప్యూటర్లో ఒక్కోలా ఉంటాయి, అందుకని ప్రతి కారణానికీ ఒక పేరు పెట్టాం, ప్రోగ్రాములో ఆ పేరే వాడండి, అప్పుడది ఎక్కడైనా నడుస్తుంది అని. ఎవడు చదివాడు గనక!

పీలేరు వైపు ఒక పాల కేంద్రానికి ప్రోగ్రాము రాసిన ఫణీంద్ర చదవలేదు. పాలలో వెన్న కొలిచే మిషన్ నుంచి జవాబు ఇంకా రాకపోతే, ఆ కేంద్రంలోని పాత కంప్యూటర్లో నాలో ముప్పై అయిదు పడేది. 'ఇంకా రాలేదు, మళ్ళీ అడుగు' అని దాని అర్థం. మహానుభావుడు పేరు వదిలేసి, ముప్పై అయిదు వస్తే మళ్ళీ అడగమని రాశాడు. వేరే ఏ అంకె వచ్చినా వెన్న సున్నా అని చూపించమన్నాడు. కొంతకాలానికి పాత కంప్యూటర్ తుక్కుకు పోయింది, వేరే రకంది వచ్చింది. అందులో అదే కారణానికి అంకె పదకొండు.

తెల్లవారగానే మిషన్ వేడెక్కడానికి కాస్త సమయం పడుతుంది. అందుకని మొదటి క్యానుకే జవాబు ఆలస్యం. రోజూ అందరికంటే ముందు వచ్చి నిలబడేది రెడ్డెమ్మ. నేను పదకొండు, పదకొండు అని మొత్తుకుంటూనే ఉన్నాను. తెర మీద సున్నా పడింది. మర్నాడూ అంతే.

"నీళ్ళు తెచ్చి పోస్తా ఉండావా మే?" అన్నాడు కేంద్రం నడిపే గురప్ప, వరసలో అందరూ వింటుండగా.

"నా బిడ్డల మీద ఒట్టు సామీ, సుక్క నీళ్ళు గూడా కలపలా. ఇంకోసారి సూడు సామీ."

"మిషన్‌కి నీ మీద పగా? పో, పో."

ఎన్ని నీళ్ళు కలిపినా పాలలో కాస్తయినా వెన్న మిగులుతుంది, సున్నా రాదు. పుట్టినప్పటి నుంచీ పాలు చూసిన మనుషులు ఒక్కరూ ఆ ముక్క అనలేదు. చిక్కటి పాలు కాలవలో పారబోశారు. పాలు పోసేవాళ్ళ జాబితాలో ఆమె పేరు కొట్టేశారు. చూస్తుంటే నాకు రోత పుట్టింది.

ఆ మరుసటి ఉదయం మొదట వచ్చింది గురప్ప బావమరిది. సున్నా. ఈసారి గురప్పకు బుద్ధి వెంటనే పనిచేసింది.

"మిషన్లో ఏదో తేడా ఉందబ్బా! ఆ ఫణీంద్రకి ఫోన్ కొట్టండి."

ఫణీంద్ర వచ్చాడు, అప్పుడు మాన్యువల్ తెరిచాడు, అంకె తీసేసి పేరు పెట్టాడు. 'చిన్న సవరణ' అని రాసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఛీ!

రెడ్డెమ్మను మళ్ళీ పాలు పొయ్యమని కబురు పంపారు. ఎందుకు మానిపించారో, ఎందుకు పిలిచారో చెప్పలేదు. ఇప్పుడామె ముందు రాదు, వరస మధ్యలో ఎక్కడో నిలబడుతుంది. ఆమె పాలకు రోజూ మంచి అంకెలే వస్తున్నాయి. అయినా ఆమె క్యాను మూత తీయగానే గురప్ప పాలలో వేలు ముంచి, ఎత్తి, చుక్క ఎలా జారుతుందో చూస్తాడు. వెనక ఉన్నవాళ్ళు మూతులు తిప్పుకుంటారు.

పాత తప్పు చెరగదన్న నియమం నా కోసం రాసింది. తప్పే చేయని మనిషికి దాన్ని ఎందుకు అంటగట్టారు? నన్నయినా ప్రోగ్రాము రాసేవాడు ఒక్క లైనుతో సున్నా చేయగలడు. ఆమెకు గురప్ప నోటి నుంచి ఒక్క మాట చాలు. రోజూ ఆమె క్యాను వంతు వచ్చినప్పుడు ఆ మాట కోసం చూస్తాను. అతను వేలు తుడుచుకుని, "తర్వాత ఎవురు?" అంటాడు.